కొండ బండికి కొండ రిపేరు

మైదానంలో పాతబడిన బండి కొండెక్కుతుంది. మన ఏజెన్సీలో ఇది అందరికీ తెలిసిన సంగతే. అనకాపల్లిలోనో తునిలోనో పదేళ్ళు తిరిగిన బండి, అక్కడ దానికి గిరాకీ తగ్గాక నర్సీపట్నం చేరుతుంది. అక్కడ ఇంకొన్నాళ్ళు తిరిగి ఘాటీ ఎక్కుతుంది. పైకొచ్చిన బండి మళ్ళీ కిందికి పోదు. సంతల మధ్య తిరిగి తిరిగి, చివరికి ఏదో ఒక ఊళ్ళో చింతచెట్టు కింద ఆగిపోతుంది. అందుకే మన చేతికొచ్చే ప్రతి బండీ అప్పటికే ఎవరో ఒకరు విప్పి బిగించినదై ఉంటుంది. ఆ మనిషి ఎలాంటివాడో కాగితాల మీద తెలియదు, బండి విప్పితే తెలుస్తుంది.

నేను కొన్నది టాటా 407. 1986లో మొదలైన ఈ రకం మా చింతపల్లి వైపు ఎంత పాతుకుపోయిందంటే, మినీ వ్యాను అంటే చాలామందికి ఇదే. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చదివాను. ఏడాది కోర్సు. తరువాత కింద ఒక షెడ్డులో పనిచేసి, ఊరికి తిరిగొచ్చాను. మా ఊళ్ళో కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా పండుతాయి. బండి లేనివాడు సరుకును గుమ్మంలోనే అమ్ముకోవాలి, వచ్చినవాడు చెప్పిందే ధర. బండి ఉన్నవాడు ఈ సంతలో ధర నచ్చకపోతే బస్తా దించకుండా ఇంకో సంతకు పోగలడు. అందుకని నలుగురం కలిసి డబ్బు వేసుకుని పాత బండి కోసం వెతికాం.

మా పక్క పంచాయతీలో ఒక కోందుల ఊరుంది. అక్కడ ఒక ఇంటి ముందు టార్పాలిను కప్పి బండి నిలబెట్టారని తెలిసింది. దాన్ని నడిపిన పెద్దాయన జ్వరంతో పోయి రెండేళ్ళయింది. ఎఫ్‌సీ ఎప్పుడో అయిపోయింది. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటేటా ఎఫ్‌సీ చేయించాలి, ఆయన పోయాక ఆ పని చేయించేవాళ్ళు లేరు. ఆయన భార్య అమ్మడానికి ఒప్పుకుంది. మేం బగతలం, వాళ్ళు కోందులు. అయినా సంతలో కలిసే మనుషులం కాబట్టి ఆయన్ని మావ అనీ, ఆమెను అత్త అనీ పిలిచే అలవాటుంది.

బండిని తాడు కట్టి మా ఊరికి లాక్కొచ్చాం. చూడ్డానికి కింది నుంచి వచ్చిన మెకానిక్ ఒకాయన బానెట్ ఎత్తి పెద్దగా నవ్వాడు. "ఇది రిపేరు కాదు తమ్ముడూ, అడివోళ్ళ అతుకు. మొత్తం పీకి పారెయ్. కొత్త సామాను వేసుకో" అన్నాడు. ఆయన చెప్పిన లెక్కకి ఇంకో బండి వస్తుంది. ఆయనకి టీ ఇచ్చి పంపించేశాను. ఒక్కొక్కటీ విప్పుదాం, అది ఎందుకలా చేశాడో తెలిశాకే తీద్దాం అనుకున్నాను.

మొదట కనిపించింది రేకు. రేడియేటరు వెనక, ఫ్యాను చుట్టూ, నూనె డబ్బా కోసి సాపు చేసి వంచిన రేకు ఒకటి బిగించి ఉంది. దాని మీద సగం చెరిగిన నూనె కంపెనీ బొమ్మ కూడా ఉంది. మెకానిక్ నవ్వింది దీన్ని చూసే. కానీ ఫ్యాను చుట్టూ ఒక కవరు ఉండాలి. మెకానిక్కులు దాన్ని ష్రౌడ్ అంటారు. అది లేకపోతే ఫ్యాను తన పక్కనున్న గాలినే తిప్పుతుంది తప్ప రేడియేటరు గుండా గాలిని పూర్తిగా లాగదు. మైదానంలో బండి వేగంగా పోతుంది కాబట్టి ఎదురుగాలి సరిపోతుంది. ఘాటీలో రెండో గేరులో నడక వేగంతో ఎక్కుతుంటే ఎదురుగాలి ఉండదు, పనంతా ఫ్యాను మీదే పడుతుంది. పాత కవరు ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. ఆ పెద్దాయన చేసిన రేకు కవరుకీ ఫ్యాను రెక్కకీ మధ్య సందు చుట్టూ ఒక్కలాగే ఉంది, ఒక వేలు పడుతుంది అంతే. కొలిచి చేసిన పని అది. దాన్ని కడిగి, రంగు వేసి, మళ్ళీ అక్కడే బిగించాను.

తరువాత ఇంజను అడుగున ఉండే ఆయిలు తొట్టి. దాని అడుగంతా మసి. బండికి నిప్పంటుకుందేమో అని మాతో డబ్బు వేసుకున్నవాళ్ళు భయపడ్డారు. కానీ పక్కనున్న తీగలు కాలలేదు, రబ్బరు కరగలేదు. మసి తొట్టి కింద మాత్రమే ఉంది. లంబసింగి చలి తెలిసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. దాన్నే కొర్రబయలు అంటారు. చలికాలంలో కొన్ని తెల్లవారుజాములు సున్నా డిగ్రీల దగ్గరికి పోతాయి. ఆ చలికి ఇంజనాయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజను తిరగదు. సంతరోజు నాలుగు గంటలకే బయలుదేరాలి. అందుకని వెడల్పాటి రేకులో పొయ్యి బొగ్గులు పోసి తొట్టి కింద పెట్టేవాడు. మంట కాదు, మంట తీసేసిన నిప్పులు మాత్రమే. ఆ రేకు బండి వెనక పెట్టెలో దొరికింది, దానికి మూత కూడా ఉంది. మూత ఎందుకో కూడా తెలుస్తూనే ఉంది. పైన డీజిల్ చుక్క పడినా నిప్పు మీద పడకూడదు.

డీజిల్ ట్యాంకు దగ్గర ఇంకో వింత. ట్యాంకు అడుగున ఒకచోట సైకిలు ట్యూబు ముక్క, దాని మీద రేకు పట్టీ, పట్టీని బిగించిన రెండు బోల్టులు. విప్పితే లోపల బట్టల సబ్బు అరగదీసి ముద్దలా పట్టించి ఉంది. ట్యాంకుకి కారే చిల్లు పడితే సబ్బు రుద్దడం డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా. సబ్బు నీళ్ళలో కరుగుతుంది కానీ డీజిల్లో కరగదు. చిల్లులో కూరుకుని ఆగిపోతుంది. అయితే వాన పడితే, గెడ్డ దాటితే, బయటి వైపు సబ్బు కరిగిపోతుంది. అందుకే మిగిలినవాళ్ళ సబ్బు వారం నిలిస్తే, ఈయన సబ్బు ఏళ్ళ తరబడి నిలిచింది. ట్యూబూ రేకూ దానికి గొడుగు. వెల్డింగు ఎందుకు చేయించలేదు అంటే, ఇంధనం ట్యాంకును ఖాళీ చేసి, బాగా కడిగి, లోపలి ఆవిరి పోగొట్టకుండా వెల్డింగు పెడితే పేలుతుంది. ఆ పని తెలిసినవాడు కిందే ఉంటాడు. కిందికి పోవాలంటే ఒక రోజు పోతుంది, ఆ రోజు బాడుగా పోతుంది.

క్యాబిన్ పైన ఒక ఇనుప చట్రం ఉంది, ఐదు లీటర్ల డబ్బా పట్టేంత. దాని నుంచి ప్లాస్టిక్ పైపు ఒకటి అద్దం పక్కగా దిగి ఇంజను దగ్గర ముడిచి ఉంది. ఫీడ్ పంపు మొరాయిస్తే డబ్బాలో డీజిల్ పోసి పైన పెడతారు. ఎత్తు నుంచి తన బరువుతోనే డీజిల్ ఫిల్టరుకి దిగుతుంది. ఊళ్ళో వాటరు ట్యాంకు ఎత్తు మీద ఎందుకు కడతారో పిల్లలకు చెప్పే పాఠమే ఇది. అయితే ఆ పైపు ఎండకి పెళుసుబారిపోయింది, పైగా సైలెన్సరుకు దగ్గరగా పోతోంది. అది పగిలితే బండి తగలబడుతుంది. ఫీడ్ పంపు బాగుచేసి, ఆ పైపు తీసేశాను.

ఇంతవరకూ బాగానే ఉంది. తెలివైన మనిషి బండి దొరికిందని అందరం సంతోషపడ్డాం. నాలుగో రోజు వెనక ఎడమ చక్రం జాకీ మీద లేపి బ్రేకులు చూశాను. ఆ చక్రానికి వెళ్ళే బ్రేకు పైపు మధ్యలో మడిచి, రాయితో కొట్టినట్టు చదునుగా నొక్కేసి, ఇనుప తీగతో చుట్టేసి ఉంది. డ్రమ్ము విప్పితే లోపల సిలిండరు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అంటే ఆ చక్రానికి బ్రేకు లేదు. తుప్పును బట్టి చూస్తే ఒక నెలా రెండు నెలలా కాదు.

చక్రం దగ్గర సిలిండరు కారితే పెడల్ తొక్కినప్పుడల్లా ఆయిలు అక్కడి నుంచే పోతుంది. మొత్తం ఆయిలు పోతే మిగిలిన చక్రాలకూ బ్రేకు ఉండదు. ఆ ఒక్క పైపు నొక్కేస్తే మిగిలిన మూడూ పనిచేస్తాయి. ఘాటీ మధ్యలో చిక్కుకున్నవాడికి ప్రాణం కాపాడే ఉపాయం ఇది. కానీ అలాగే తిరిగితే మిగిలిన మూడు చక్రాల డ్రమ్ములు ఎక్కువ వేడెక్కుతాయి, వేడెక్కిన బ్రేకు పట్టు తప్పుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే బండి ఒక పక్కకి లాగుతుంది. మన వైపు ఆ పక్కన లోయ ఉంటుంది. పైగా సంతరోజు బస్తాల మీద మనుషులు కూర్చుంటారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. కానీ బస్సు రాని ఊళ్ళలో ఏం జరుగుతుందో మనకి తెలుసు.

రేకు కవరును అంత కొలిచి చేసిన మనిషి, బ్రేకు లేని చక్రంతో ఎందుకు తిరిగాడు? ఇది అడగడానికే అత్త దగ్గరికి వెళ్ళాను. వెళ్తూ స్టీరింగుకి కట్టి ఉన్న నల్లతాడు కూడా పట్టుకెళ్ళాను. దానికి మూడు ముళ్ళున్నాయి. దిష్టికి కట్టిన తాడో, వాళ్ళ ఇంటి దేవుడిదో అయితే తిరిగి ఇచ్చెయ్యాలి కదా అనుకున్నాను.

అత్త తాడు చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది. "ఇది దిష్టికి కాదు బాబూ, గురుతు. ఆయనకి సదువు రాదు. బండికి ఏదైనా పని మిగిలిపోతే మర్సిపోకుండా ముడేసీవోడు. ఆ పని అయిపోతే ఇప్పీసీవోడు. ఒక్కోపాలి ఏడెనిమిది ముళ్ళు కూడా ఉండీవి."

మా తాతల కాలంలో పెళ్ళి రోజు ఇంకెన్నాళ్ళుందో తాడు ముళ్ళతో లెక్కపెట్టేవారని మా ఇంట్లో చెప్పేవారు. రోజుకొక ముడి విప్పేవారట. ఆయన దాన్ని బండికి వాడుకున్నాడు.

"పెద్ద ముడి ఆ ఎడమ సక్రానిది" అంది అత్త. "వానాకాలం. పురిటి మనిషిని ఆసుపత్రికి దించుతున్నాడు. దారిలో సక్రం కాడ ఆయిలు కారిపోనాది. ఆగితే ఆ పిల్ల బతకదు. పైపు రాయితో కొట్టి మూసీసి, సీసాలో ఉన్న ఆయిలు పోసి, ఒకటో గేరులోనే దించినాడు. కుర్రోడు సక్రం కింద పెట్టే సెక్క పట్టుకుని బండి పక్కనే నడిసొచ్చినాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ బిడ్డ ఇప్పుడు బడికెళ్తంది."

"తరువాత బాగుచేయించలేదేం అత్తా?"

"సేయిద్దామనే ముడేసినాడు. ఆ యేడు పసుపు ధర పడిపోనాది. అప్పు కట్టాల. తరవాతి యేడు ఇంటి కప్పు. బండి ఆగితే తిండి ఆగిపోద్ది కదా బాబూ. మెల్లగా నడుపుతానులే అనీవోడు. నిజంగా మెల్లగానే నడిపీవోడు."

రెండో ముడి ట్యాంకుది. మూడోది ఆమెకూ తెలియదు. జ్వరం తగిలే ముందు వేశాడు, చెప్పలేదు.

ఆ మూడో ముడి నన్ను నిద్రపోనివ్వలేదు. రేకు కవరుకు ఆయన ముడి వేయలేదు. నిప్పుల రేకుకు వేయలేదు. అవి ఆయన లెక్కలో అయిపోయిన పనులు. ముడి వేసినవి మాత్రం మిగిలిపోయిన పనులు. ఆయన ఏది నిలిచే రిపేరో, ఏది ఇంటికి చేరేవరకే పనికొచ్చే రిపేరో తేడా తెలిసినవాడు. అలాంటివాడు మూడో ముడి వేశాడంటే బండిలో ఇంకోటి ఉన్నట్టే.

ముందు బంపరు నుంచి వెనక లైటు వరకూ ప్రతి నట్టూ చూసుకుంటూ వచ్చాను. రెండో రోజు మధ్యాహ్నం దొరికింది. ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్ చివర గాళ్ళున్న నట్టు ఒకటి ఉంటుంది. ఆ గాళ్ళలోంచి అడ్డంగా ఒక స్ప్లిట్ పిన్ను దూర్చి కాళ్ళు వంచుతారు. నట్టు అదిరి ఊడిపోకుండా కాపాడేది అదే. అక్కడ పిన్నుకు బదులు సైకిలు చువ్వ ముక్క ఉంది. మట్టి పూసుకుపోయి ఉండడంతో మామూలుగా చూస్తే కనపడదు. గుడ్డతో తుడిచాక చూస్తే చువ్వ ఒక పక్క విరిగిపోయింది, నట్టు ఒక చుట్టు వదులైంది. సైకిలు చువ్వ గట్టిదే కానీ పిన్నులా మెత్తగా వంగదు. వంచినచోట పెళుసవుతుంది, అదురుకి విరుగుతుంది. ఆ నట్టు ఊడితే టై రాడ్ జారుతుంది, స్టీరింగు తిప్పినా ఒక చక్రం మాట వినదు. పిన్ను ఖరీదు పది రూపాయలు మించదు. అది నర్సీపట్నంలో దొరుకుతుంది. ఆయన ఇంటి దగ్గర దొరికేది సైకిలు చువ్వ.

బ్రేకులు మొత్తం కొత్తగా వేయించాం. ట్యాంకు కిందికి పంపి కడిగించి వెల్డింగు చేయించాం. టై రాడ్ చివరలు రెండూ మార్చాం. ఎఫ్‌సీ అయింది. తాడు అత్తకి తిరిగి ఇచ్చేశాను. ముళ్ళు ఆమే విప్పింది.

ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. ఆ మెకానిక్ అన్న 'అడివోళ్ళ అతుకు' అనే మాట మన పిల్లలు బడిలో, కాలేజీలో, షెడ్డులో వింటూనే ఉన్నారు. ఆ మాటకి కోపం తెచ్చుకోవడం తేలిక. లేదంటే మన పెద్దలు చేసిందంతా గొప్పే అని ఎదురు చెప్పడం ఇంకా తేలిక. రెండూ చాలవు. ఆ రేకు కవరు మంచి పని. అది ఎందుకు మంచిదో నా ట్రేడు పుస్తకంలోని లెక్కతోనే చెప్పగలను. ఆ సైకిలు చువ్వ మనుషుల్ని చంపేది. అది ఎందుకు ప్రమాదమో కూడా అదే లెక్కతో చెప్పగలను. ఈ రెంటినీ విడదీయడం ఆ పెద్దాయనకు తెలుసు. ఆయనకు లేనిది బుద్ధి కాదు. దగ్గర్లో సామాను కొట్టు లేదు, చేతిలో డబ్బు లేదు, తను గుర్తుపెట్టుకున్నది ఇంకొకరికి చేర్చే దారి లేదు. అమ్మకం కాగితంలో ఇంజను నంబరు ఉంది, ఛాసిస్ నంబరు ఉంది. మూడు ముళ్ళ సంగతి లేదు. తాడు చూసినవాళ్ళందరికీ అది దిష్టితాడే.

మేం తిరిగే దారి కూడా అలాంటిదే. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వచ్చే ఆ దారి పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్ళతో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922లో మన్యం తిరగబడడానికి అదొక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. పుస్తకాల్లో బాస్టియన్ పేరుంది. పోరాడిన గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లున్నాయి. రాళ్ళు మోసి మలుపు మలుపునా దారి నిలబెట్టినవాళ్ళ పేర్లు లేవు. ఏ మలుపు దగ్గర కొండ జారుతుందో, నీళ్ళు ఎటు వదలాలో వాళ్ళకు తెలిసే ఉంటుంది. రాసిపెట్టినవాళ్ళు లేకపోతే తెలిసినది మనిషితోనే పోతుంది.

ఐటీఐ పుస్తకంలో సామాను పాడైతే కొత్తది ఎలా బిగించాలో ఉంటుంది. కొత్తది దొరకనప్పుడు ఏం చేయాలో, దేన్ని చేయకూడదో చెప్పే పాఠం లేదు. ఆ పాఠం మన ఊళ్ళలో ఉంది. డ్రైవర్ల దగ్గర, పంపుసెట్టు బాగుచేసేవాళ్ళ దగ్గర, నాగలి చెక్కేవాళ్ళ దగ్గర ఉంది. ఉపాధ్యాయులు పిల్లలకి ఒక పని ఇవ్వొచ్చు. మీ ఇంట్లో బాగుచేసి వాడుతున్న వస్తువు ఒకటి చూడండి, దేంతో బాగుచేశారు, ఎందుకలా చేశారు, అది ఎన్నాళ్ళు నిలుస్తుంది అని పెద్దల్ని అడిగి రాసుకురండి అని చెప్పొచ్చు. అది తెలుగులో రాసినా, కువిలో చెప్పినా పాఠమే. సబ్బు డీజిల్లో ఎందుకు కరగదో, రేకు కవరు గాలిని ఎలా లాగుతుందో అక్కడి నుంచి చెబితే పిల్లలకి సైన్సు పరాయిదనిపించదు.

పాత బండి కొనే తమ్ముళ్ళకి ఇంకో మాట. ముందు బ్రేకు పైపులు నాలుగూ చేత్తో తడిమి చూడండి. స్టీరింగు నట్లకి పిన్నులున్నాయా చూడండి. ఈ రెండూ అయ్యాకే ఇంజను శబ్దం వినండి. వింత రిపేరు కనిపిస్తే వెంటనే పీకెయ్యకండి, అలాగని వదిలెయ్యకండి. నడిపినవాళ్ళు బతికి ఉంటే వెళ్ళి అడగండి. లేకపోతే ఇంట్లోవాళ్ళని అడగండి. రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడింది వాళ్ళే.

మా బండి క్యాబిన్‌లో ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంది. ఏం పాడైంది, దేంతో బాగుచేశాం, ఏ రోజు చేశాం, ఎప్పటిలోగా మార్చాలి అని నాలుగు గళ్ళు గీశాం. మా క్లీనరుకి చదువు రాదు, అతని కోసం స్టీరింగుకి ఒక తాడు కూడా ఉంది. ప్రస్తుతం దానికి ఒకే ముడి, వెనక లైటుది. ఈ బండిని కూడా ఏదో ఒక రోజు అమ్ముతాం. ఆ రోజు తాళంచెవితో పాటు పుస్తకాన్నీ, తాడునీ కొన్నవాళ్ళ చేతిలో పెట్టి, ప్రతి ముడికీ అర్థం చెప్పి పంపాలని నలుగురం ఒప్పుకున్నాం.